మెదడులో తూములు, రక్తంలో లెక్క

సైకోసిస్ అంటే లేని గొంతులు వినిపించడం, అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారని గట్టిగా నమ్మడం. మన కోనసీమలో ఇలాంటిది కనబడితే ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో ముందు "గాలి సోకింది" అంటారు. ఆ తర్వాతే కాకినాడకో విశాఖకో తీసుకెళ్తారు. అక్కడ డాక్టర్ గారు మందు రాస్తారు. సరే, ఆ డోసు ఎక్కువో తక్కువో ఎలా తెలుస్తుంది?

మెదడులో డోపమైన్ అనే రసాయనం డీ2 రిసెప్టర్ల మీద పనిచేస్తుంది. మన కాలవ భాషలో చెప్పాలంటే డోపమైన్ నీళ్ళు, రిసెప్టర్లు తూములు. సైకోసిస్‌లో కొన్ని చేలల్లోకి నీళ్ళు ఎక్కువైపోతాయి. యాంటీసైకోటిక్ మందులు దాదాపు అన్నీ ఆ తూముల్ని మూస్తాయి. ఎన్ని మూశాయో పెట్ స్కాన్‌లో లెక్కపెట్టొచ్చు. రేడియోధార్మిక కార్బన్-11 తగిలించిన రాక్లోప్రైడ్‌ని కొంచెం రక్తంలోకి ఎక్కిస్తారు. అది ఖాళీ తూముల్లో కూర్చుని మెరుస్తుంది. మందు వేసుకున్నాక ఆ మెరుపు ఎంత తగ్గితే, అన్ని తూములు మూసుకున్నట్టు.

టొరంటోలో షితిజ్ కపూర్ బృందం మొదటిసారి స్కిజోఫ్రెనియా వచ్చిన 22 మందికి తక్కువ డోసు హాలోపెరిడాల్ ఇచ్చి ఇదే కొలిచింది. 2000లో ఫలితాలు ప్రచురించారు. సుమారు 65 శాతం తూములు మూసుకుంటే గుణం కనిపించే అవకాశం బాగా పెరిగింది. 72 దాటితే ప్రొలాక్టిన్ హార్మోన్ పెరిగింది. 78 దాటితే ఒళ్ళు బిగుసుకుపోవడం, కుదురుగా ఉండలేకపోవడం లాంటివి మొదలయ్యాయి. మా సీఎస్ఈ వాళ్ళకి మూడు ఇఫ్ కండిషన్లు అనుకోండి. మేలుకీ బాధకీ మధ్య గట్టు అంత సన్నం!

ఇంతకీ ప్రొలాక్టిన్ ఎందుకు పెరుగుతుంది? పిట్యూటరీ గ్రంథి దాన్ని ఎక్కువగా వదలకుండా మామూలుగా డోపమైనే ఆపుతుంది. మందు ఆ డోపమైన్‌ని అడ్డుకుంటే హార్మోన్ పెరిగిపోతుంది. అప్పుడు ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోవచ్చు, బిడ్డ లేకపోయినా పాలు రావచ్చు. మగవాళ్ళకి కోరిక తగ్గొచ్చు. రిస్పెరిడోన్‌తో ఇది ఎక్కువ, క్వెటియాపిన్‌తో తక్కువ, అరిపిప్రజోల్ అయితే ప్రొలాక్టిన్‌ని తగ్గిస్తుంది కూడా. అందుకే ప్రొలాక్టిన్ చూసి మందు బాగా పనిచేస్తోందని చెప్పలేం. గర్భం, ఒత్తిడి వల్ల కూడా అది పెరుగుతుంది.

కార్బన్-11 ప్రతి 20 నిమిషాలకీ సగం అయిపోతుంది. రావులపాలెంలో బయల్దేరితే అమలాపురం చేరేలోపే సగానికి పైగా కరిగిపోతుంది. కాబట్టి ఆ స్కాన్ పరిశోధనలకే. ప్రొలాక్టిన్‌కి మాత్రం మామూలు రక్తపరీక్ష చాలు.

అసలు సమస్య ఏంటంటే, నెలసరి ఆగిందని పెళ్ళికాని అమ్మాయి ఇంట్లో ఎలా చెప్తుంది? చెప్పలేక గుట్టుగా మాత్రలు మానేస్తుంది. జబ్బు తిరగబెడుతుంది, ఊరు మళ్ళీ "గాలి" అంటుంది. చెప్తే డాక్టర్ డోసు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు. సొంతంగా మాత్రం ఆపకూడదు. అడగడానికి సిగ్గనిపిస్తే టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.