పరిరక్షణ జీవశాస్త్రంలో ఉన్నత విద్య: కోర్సు, మార్గదర్శకుల ఎంపిక

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• మీ ఆసక్తిని ఒక పరిశోధన ప్రశ్నగా మార్చుకోగలుగుతారు.
• ఆ ప్రశ్నకు తగిన కోర్సును, మార్గదర్శకులను వెతకగలుగుతారు.
• మార్గదర్శకులకు ప్రయోజనకరమైన లేఖ రాయగలుగుతారు.

1. పరిచయం

కాకినాడ సమీపంలోని కోరంగి మడ అడవులను 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అదే సంవత్సరం అమెరికాలోని శాన్ డియాగోలో పరిరక్షణ జీవశాస్త్రంపై తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. శరీరధర్మశాస్త్రానికి శస్త్రచికిత్స ఎలాంటిదో జీవశాస్త్రానికి ఈ శాస్త్రం అలాంటిదని మైకేల్ సూలే 1985లో పోల్చాడు. సమాచారం పూర్తిగా అందకముందే నిర్ణయం తీసుకోవలసి రావడం దీని లక్షణం.

మన విశ్వవిద్యాలయాల్లో ఈ పేరుతో ప్రత్యేక విభాగాలు అరుదు. అందువల్ల కోర్సు పేరుతో వెతికితే అవకాశాలు లేవనిపిస్తుంది. ప్రశ్నతో వెతికితే అవి కనిపిస్తాయి.

2. ముందు ప్రశ్న, తరువాత కోర్సు

ఒకే కోరంగి నుంచి పుట్టే నాలుగు ప్రశ్నలను పరిశీలిద్దాం.

(అ) రొయ్యల చెరువుల పక్కన ఫిషింగ్ క్యాట్, అంటే చేపలు పట్టి తినే అడవిపిల్లి, ఎలా బతుకుతోంది? ఇది వన్యప్రాణి శాస్త్రం. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ ఇందులో పీజీ విద్యకు పేరుపొందాయి.
(ఆ) కొన్నిచోట్ల మడ, తిల్ల మొక్కలు తిరిగి ఎందుకు మొలవడం లేదు? ఇది వృక్షశాస్త్రం, జీవావరణ శాస్త్రం. ఆంధ్ర విశ్వవిద్యాలయం, పుదుచ్చేరి విశ్వవిద్యాలయం వంటి చోట్ల వెతకాలి.
(ఇ) తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల మధ్య జన్యు సంబంధం ఏమిటి? ఇది జన్యుశాస్త్రం. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల అంతరించిపోతున్న జీవజాతులపై పనిచేస్తోంది.
(ఈ) అభయారణ్యం నిబంధనల వల్ల మత్స్యకారుల జీవనోపాధి ఎలా మారింది? దీనికి సామాజిక శాస్త్ర పద్ధతులు కూడా అవసరం. బెంగళూరులోని ఏట్రీ ఇటువంటి పరిశోధనలకు తెలిసిన సంస్థ.

కొన్ని కోర్సులకు ఏటా ప్రవేశాలు ఉండవు. ఎన్‌సీబీఎస్‌లో 2004లో మొదలైన వన్యప్రాణి ఎమ్మెస్సీ ప్రవేశాలు రెండేళ్లకొకసారి జరుగుతూ వచ్చాయి. ఒకసారి గడువు తప్పితే రెండేళ్లు ఆగవలసి వస్తుంది. కాబట్టి డిగ్రీ రెండో సంవత్సరంలోనే ప్రకటనలు చూడటం ప్రారంభించండి.

దూరవిద్య డిగ్రీ చెల్లదేమోనన్న సందేహం చాలామందిని దరఖాస్తు చేయకుండానే ఆపుతోంది. గుర్తింపు పొందిన సార్వత్రిక, దూరవిద్య డిగ్రీలు సంప్రదాయ డిగ్రీలతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. అయితే చదివిన సబ్జెక్టులు, మార్కుల శాతంపై ప్రతి కోర్సుకూ వేరే నిబంధనలు ఉంటాయి. ప్రకటనను స్వయంగా చదవండి.

3. మార్గదర్శకులను గుర్తించడం

ఎమ్మెస్సీలో సాధారణంగా ప్రవేశం పొందాక ప్రాజెక్టు కోసం మార్గదర్శకులను ఎంచుకుంటారు. పీహెచ్‌డీకి ముందే వెతకడం మేలు. దేశంలోని సిద్ధాంత గ్రంథాలు 'శోధ్‌గంగ'లో ఉచితంగా లభిస్తాయి. అందులో కోరంగి, కొల్లేరు, మడ అడవులు వంటి పదాలను ఆంగ్లంలో వెతకండి. ఎవరి పర్యవేక్షణలో ఆ పని జరిగిందో మొదటి పుటల్లోనే తెలుస్తుంది.

తరువాత ఖాళీ ఉందో లేదో చూడాలి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒకే సమయంలో ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి పీహెచ్‌డీ మార్గదర్శకత్వం వహించరాదు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త విద్యార్థులను తీసుకోరాదు. అంటే జవాబు 'లేదు' అని వచ్చినా, అది మీ అర్హతపై తీర్పు కాకపోవచ్చు.

వారి ప్రస్తుత విద్యార్థులతోనూ మాట్లాడండి. గైడు ఎన్నాళ్లకొకసారి కలుస్తారు? క్షేత్ర ఖర్చు ఎవరు భరిస్తారు? ఎన్నేళ్లు పడుతోంది? సంస్థ పేరుకంటే ఈ జవాబులే మీ తరువాతి నాలుగైదేళ్లను నిర్ణయిస్తాయి.

4. లేఖ ఎలా రాయాలి?

ఒకే ఉత్తరాన్ని యాభై మందికి పంపితే ప్రయోజనం ఉండదు. ఒక్కరికే, పది పన్నెండు వాక్యాల్లో రాయండి. మీరెవరు, వారి ఏ పరిశోధన పత్రం చదివారు, దాని నుంచి ఏ ప్రశ్న కలిగింది, మీరు స్వయంగా ఏమి గమనించారు, వారి నుంచి ఏమి కోరుతున్నారు అనే ఐదు అంశాలు చాలు. రెండు వారాల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి.

నాలుగో అంశంలో డెల్టా విద్యార్థికి సహజమైన బలం ఉంది. ఆటపాకలో గూడబాతులు ఏ నెలలో వచ్చాయి, మీ ఊరి కాలువ గట్టున నీటికుక్కలు ఎక్కడ కనిపించాయి అనే విషయాలను తేదీ, సమయం, స్థలంతో ఏడాది పాటు రాసిన నోటుపుస్తకం మంచి ఆధారం. అయితే అభయారణ్యంలో పరిశోధన చేయడానికి, నమూనాలు సేకరించడానికి అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

5. సారాంశం

కోర్సు పేరుకు ముందు ప్రశ్నను, సంస్థ పేరుకు ముందు మార్గదర్శకుల పనిని చూడాలి. అర్హత, గడువు, ఖాళీ అనే మూడింటినీ ముందుగా నిర్ధారించుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మీ ప్రాంతంలోని ఒక జీవజాతిపై ఒక ప్రశ్న రాసి, అది ఏ శాస్త్ర విభాగానికి చెందుతుందో తెలపండి.
2. శోధ్‌గంగలో ఆ అంశంపై రెండు సిద్ధాంత గ్రంథాలను గుర్తించి, వాటి పరిశోధన పద్ధతులను పోల్చండి.