ఊగే పన్ను వెనక

కాట్రేనికోన దగ్గర గోదావరి కోతకు వాలిన కొబ్బరిచెట్టును చూడండి. చెట్టుకు తెగులుండదు, మొవ్వు పచ్చగానే ఉంటుంది. మొదలు చుట్టూ మట్టి పోయింది, అంతే.

దవడలో పన్నుకూ ఒక్కోసారి ఇదే గతి. పుచ్చు లేదు, చిగుళ్లలో చీము లేదు, పెద్దగా నొప్పీ లేదు. అయినా పక్కపక్క పళ్లు రెండు ఊగుతుంటాయి. లవంగ నూనె అద్దుకుని, తగ్గకపోతే అమలాపురం బస్సెక్కి పీకించుకోవడమే మనకు తెలిసిన వైద్యం. ఎముకలో గడ్డ ఉందన్న అనుమానమే రాదు.

గడ్డ ఎముకను కొరుక్కు తింటుందనుకుంటాం. కానీ ఆ పని ఎక్కువగా మన సొంత కణాల చేతే చేయిస్తుంది. ఎముక ఎప్పుడూ కొంత కూలుతూ, కొంత కట్టుకుంటూ ఉంటుంది. కూల్చేవి ఆస్టియోక్లాస్టులనే కణాలు. అవి ఎముకకు జలగలా అతుక్కుని, కింద ఆమ్లం వదిలి ఖనిజాన్ని కరిగిస్తాయి. మిగిలిన పీచును ఎంజైములతో తెంపుతాయి. ఈ కూలీలను పనికి పిలిచేది ర్యాంక్‌ఎల్ అనే ప్రొటీను, అడ్డుపడేది ఓపీజీ అనే ప్రొటీను. గడ్డ ఆ పిలుపును పెంచేస్తుంది. (దవడ మొత్తం చూపే ఎక్స్‌రేనూ డాక్టర్లు ఓపీజీ అనే అంటారు. పేరొక్కటే, సంబంధం లేదు.) క్యాన్సరయితే మరో చిక్కు: కరిగిన ఎముకలోంచి బయటపడే పదార్థాలు కొన్ని గడ్డకే ఎరువవుతాయి.

క్యాన్సర్ కాని గడ్డలూ ఊరుకోవు. అమెలోబ్లాస్టోమా అలాంటిదే, 1930లో ఆ పేరు పెట్టారు. పంటి పింగాణీని తయారుచేసే కణాల వంశానికి చెందినది. ఎక్కువగా కింది దవడ వెనకభాగంలో, ఏళ్ల తరబడి నింపాదిగా పెరుగుతుంది. ఎక్స్‌రేలో సబ్బు బుడగల్లా కనిపిస్తుంది. ఎముక బాగా పలచబడ్డాక వాపు మీద నొక్కితే గుడ్డు పెంకు చిట్లినట్టు వేలికి తెలుస్తుంది. గోకి తీస్తే చాలామందిలో మళ్లీ మొలుస్తుంది. అందుకే పెద్ద గడ్డల్ని చుట్టూ సెంటీమీటరో రెండో మంచి ఎముకతో సహా కోసి, కాలి సన్నెముకతో కొత్త దవడ కడతారు.

క్యాన్సర్ మాటకొస్తే మన తీరానికి అడ్డపొగ చరిత్ర ఉంది. చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటది, ఆడవాళ్లలోనే ఎక్కువ. పిండ్‌బోర్గ్, ఫాలీ మెహతా అనే పరిశోధకుల బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించింది. ఆ చుట్ట వేడి ఎక్కువగా తగిలేది అంగిటికే. గట్టి అంగిలిలో ఎక్కువ భాగం పై దవడ ఎముకే. దాని మీద పలచని పొర, అవతల ముక్కు.

క్యాన్సర్ గడ్డ ఉన్నచోట పన్ను పీకితే ఆ గుంత అది ఎముక లోపలికి పోయే దారి కావచ్చు. కారణం తెలియకుండా పన్ను ఊగితే, పెదవి మొద్దుబారితే, పీకే ముందే ఎక్స్‌రే తీయమని అడగండి. పీకిన గుంత మూడు వారాలకీ మానకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపమనండి.