ఒక్క గాజుపోగు, ముప్పదిరెండు ఇండ్లు

రాజోలు ప్రాంతములో తొమ్మిదవ తరగతి పిల్లలకు కాంతి పరావర్తనమును గూర్చి పాఠము చెప్పుచుండగా వెనుక బల్లనుండి ఒక బాలిక లేచి, "మాస్టారూ, మా వీధిలో కరెంటు స్తంభం మీది పెట్టెలోకి ఒక్క తీగే వస్తోందండి. అందులోంచి మా ఇంటికీ, పక్కింటికీ, ఎదురింటికీ వెళ్తున్నాయి. అందరి మాటలూ ఒక్కదాంట్లోనే పోతే కలిసిపోవాండి?" అని అడిగినది. పాఠ్యపుస్తకములో దీనికి సమాధానము లేదు. కాని ఇటీవలి భౌతికశాస్త్ర చాతుర్యములలో అత్యంత రమణీయమైనదొకటి ఆ ప్రశ్నలోనే దాగియున్నది.

ఆ తీగ మన సీమకు వచ్చిన తీరు చెప్పి పెట్టెలోనికి పోవుదము. సఖినేటిపల్లి మండలములో జీడిపప్పు పరిశ్రమకు పేరువడసిన మోరి గ్రామమునందు 2016 డిసెంబరులో ఇంటింటికి ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ గాజుతీగ చేరినది. భూమిని త్రవ్వి కేబులు పాతుటకు రాష్ట్రమంతటికి వేలకోట్లు కావలసియుండగా, ఉన్న విద్యుత్ స్తంభములమీదనే వ్రేలాడదీయుటచేత తొలిదశ సుమారు 333 కోట్ల రూపాయలతో సాగినది. గాజు విద్యుద్వాహకము కాదు. లోహమించుకయు లేక, అరమిడ్ నారల బలముచే తన బరువును తానే మోయు కేబులును కరెంటు తీగల సమీపమున నిర్భయముగా కట్టవచ్చును. కొబ్బరిచెట్లు కూలి తీగలు తెగవా యని ఆక్షేపించినవారు కలరు. 1996 నవంబరు తుపానును చూచిన సీమలో ఆ భయము అకారణము కాదు. అయినను వాసిష్ఠి, వైనతేయ, గౌతమీ పాయల నడుమ, జానెడు త్రవ్విన నీరూరు ఈ లంకభూములలో, బురదలో తెగిన తీగను వెదకుటకంటె స్తంభముమీద తెగి కంటికి కనబడు తీగను అతుకుట మేలని నా నిశ్చితాభిప్రాయము.

ఇక ఆ పెట్టె. దానిలోని స్ప్లిట్టరునకు విద్యుత్తు అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు. కరెంటు పోయినను అది పనిచేయుచునే యుండును. అందొక గాజుపలకపై సూక్ష్మమైన కాంతిమార్గము రెండుగా చీలును, ఆ రెండును నాలుగుగా, ఇట్లు అయిదు మెట్లలో ముప్పదిరెండు శాఖలగును. ధవళేశ్వరము ఆనకట్టనుండి వచ్చిన నీరు కాలువలుగా, పిల్లకాలువలుగా చీలుట మనమెరుగుదుము. అక్కడ ఒకరి చేనికి పోయిన నీరు వేరొకరికి దక్కదు. కాంతి విషయమున అట్లు కాదు: శక్తి పంచబడును గాని సమాచారము పంచబడదు. ముప్పదిరెండు ఇండ్లకును అదే వార్త, అందరి వార్తయు, సంపూర్ణముగా చేరును. బలము మాత్రము ముప్పదిరెండవ వంతుకంటె మరికొంత తక్కువకు క్షీణించును. ప్రతి ఇంటి పరికరమును తన పేర వచ్చిన భాగమును మాత్రమే గ్రహించి తక్కినది విడిచివేయును. పొరుగువాని మాట చెవిని బడినను అర్థము కాకుండుటకై ప్రతి ఇంటి సమాచారమును వేరువేరు తాళపుచెవితో గూఢలిపిలో పంపుదురు.

చీలికవలన పోవు బలము సుమారు 17 డెసిబెళ్లు. ఇరువది కిలోమీటర్ల గాజు మింగునది మరి ఏడు. వ్యవస్థ భరింపగలది 28. మిగిలిన నాలుగింటితోనే అతుకులన్నియు గడుపుకొనవలెను. 1966లో చార్లెస్ కావ్, జార్జి హాక్‌హామ్ కిలోమీటరునకు 20 డెసిబెళ్ల నష్టము గల గాజు దొరికినచో చాలునని వాదించిరి. నేడు ఇరువది కిలోమీటర్లకే ఏడు. కట్టకడపటి ఇంటికి రెండు మైక్రోవాట్ల వెలుగే చేరినను, ఆ పరికరము దానినుండి సెకనుకు రెండున్నర శతకోట్ల బిట్లను చదువుకొనును!

బాలిక సందేహమునకు గట్టి పరీక్ష తిరుగుదారిలో కలదు. కేంద్రమునుండి ఇండ్లకు దిగు కాంతికి 1490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము, ఇండ్లనుండి కేంద్రమునకు ఎక్కు కాంతికి 1310. కనుక ఎదురెదురుగా పోవునవి ఒకదానినొకటి బాధింపవు. కాని ముప్పదిరెండు ఇండ్లును ఒకే రంగులో ఒకేమారు పలికినచో? అందుకే ఓఎల్‌టీ యను కేంద్రయంత్రము ప్రతి ఇంటికిని పలుకవలసిన క్షణమును నిర్ణయించును. అంతటితో చాలదు. గాజులో కాంతి కిలోమీటరు దాటుటకు అయిదు మైక్రోసెకనులు పట్టును. రెండు కిలోమీటర్లలోనున్న ఇంటినుండి ప్రత్యుత్తరము ఇరువది మైక్రోసెకనులలో వచ్చిన, పండ్రెండు కిలోమీటర్లలోని ఇంటినుండి నూట ఇరువదికిగాని రాదు. ఆ వ్యత్యాసములో లక్షకు పైబడిన బిట్లు పట్టును. కావున కేంద్రయంత్రము ముందుగా ఒక్కొక్క ఇంటిని పలుకరించి, జవాబు వచ్చు కాలమునుబట్టి దూరమును కొలిచి, దగ్గరివానిని అధికముగాను, దూరపువానిని స్వల్పముగాను ఆగి పలుకుమని ఆజ్ఞాపించును. ఇట్లు అందరును కేంద్రమునకు సమానదూరమున ఉన్నట్లే అగుదురు! పలుకు పలుకునకు నడుమ సుమారు 26 నానోసెకనుల విరామము చాలును. తరువాతి పలుకు మొదలైన లిప్తలోనే గ్రాహకము దగ్గరి ఇంటి ప్రకాశమునుండి దూరపు ఇంటి మందకాంతికి తన్ను సరిదిద్దుకొనును. స్ప్లిట్టరు తిరుగుదారిలో కాంతులను కలుపుచున్నది గదా, నష్టము లేకుండవలెనని తోచును. కాని అచ్చటను ప్రతి కూడలియందు సగము వెలుగు జారిపోవును. చీల్చుటకు చెల్లించిన సుంకమును కలుపుటకును చెల్లింపవలసినదే.

ఫైబర్‌నెట్ తరువాతి కథ పొడవైనదే యైనను త్వరగా చెప్పెదను. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితము చేసెను. నెలకు 149 రూపాయలకు టీవీయును, ఫోనును, సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్టును అని ప్రకటించిరి. ఆ నెలలోనే గూగుల్ సోదరసంస్థ ఎక్స్‌తో, గాజు లేకయే గాలిలో కాంతికిరణమును ప్రసరింపజేయు పెట్టెలకు ఒప్పందము కుదిరెను. నదీపాయలను దాటుటకు అది తగును గాని మంచు క్రమ్మినచో కిరణము క్షీణించును. పొగమంచు ఉదయములు మెండుగాగల మన లంకలకు గాజుపోగే నమ్మదగినదని నా తలంపు.

మోరికి తీగ వచ్చిన ఆ 2016లోనే సెకనుకు పది గిగాబిట్ల కొత్త ప్రమాణము వెలువడినది. దానికి దిగువకు 1577, ఎగువకు 1270 నానోమీటర్లు నిర్ణయించిరి. పాతవానికిని కొత్తవానికిని రంగులు వేరగుటచేత రెండును ఒకే పోగులో ప్రక్కప్రక్కనే పయనింపగలవు. మార్పవలసినవి కేంద్రయంత్రమును, ఇంటి పరికరమును మాత్రమే. స్తంభముమీది స్ప్లిట్టరును ముట్టనక్కరలేదు.