విటమిన్ తగ్గింది, ఎక్కిస్తే సరిపోదా?

ఇన్ఫెక్షన్ మీద పోరాడుతూ శరీరం తన అవయవాలనే దెబ్బతీసుకుంటే అది సెప్సిస్. 2017లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 4.89 కోట్ల మంది దీని బారిన పడ్డారనీ, 1.1 కోట్ల మంది చనిపోయారనీ అంచనా. ఈ రోగుల రక్తంలో విటమిన్ సి చాలావరకు అడుగంటి ఉంటుంది. ఐసీయూలో గొట్టం ద్వారా పోషకాహారం అందుతున్నా అంతే.

అదంతా ఎటు పోతోంది? బ్యాక్టీరియాను చంపడానికి తెల్లరక్తకణాలు సూపరాక్సైడ్‌ను తయారుచేస్తాయి. అది నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిస్తే పెరాక్సీనైట్రైట్ పుడుతుంది. ఇక దానికి మన కణాలు, పరాయి కణాలు అన్న తేడా లేదు. కణాల కొవ్వు పొరలను, ప్రొటీన్లను, మైటోకాండ్రియాను పాడుచేస్తుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. మైటోకాండ్రియా దెబ్బతింటే రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణం దాన్ని వాడుకోలేదు. ఈ దాడిని అడ్డుకోవలసినవి గ్లూటాథయాన్, విటమిన్ ఇ, విటమిన్ సి. దాడి వాటి శక్తిని మించిపోవడమే ఆక్సిడేటివ్ స్ట్రెస్. మేక తనకు కావలసిన విటమిన్ సిని కాలేయంలో తానే చేసుకుంటుంది. మనిషికి ఆ శక్తి లేదు. కాబట్టి ఖర్చయిపోయింది బయటి నుంచే రావాలి.

అలాగైతే సెలైన్‌లో కలిపి ఎక్కిస్తే పోలా? అమెరికాలోని నార్ఫోక్‌లో డాక్టర్ పాల్ మారిక్ బృందం 47 మంది రోగులకు విటమిన్ సి, థయమిన్, హైడ్రోకార్టిసోన్ కలిపి ఇచ్చింది. వారిలో 8.5 శాతం మంది చనిపోయారు. అంతకుముందు అదే ఆసుపత్రిలో ఈ మందులు లేకుండా చికిత్స పొందిన 47 మందిలో మరణాలు 40.4 శాతం. 2017లో ఈ లెక్కలు అచ్చయ్యాక ప్రపంచమంతా ఆశపడింది. చవక మందు, పెద్ద ఫలితం! కానీ రెండు వేర్వేరు కాలాల రోగులను పోల్చిన చిన్న అధ్యయనమది. నా దృష్టిలో అక్కడే అనుమానపడాల్సింది.

2020లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రెజిల్ ఐసీయూలలో 216 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి చూస్తే ఆ మూడు మందుల కలయికతో అదనపు మేలేమీ కనబడలేదు. 2022లో వచ్చిన లోవిట్ పరీక్ష ఇంకా చేదు నిజం చెప్పింది. అందులో 872 మంది రోగులు. విటమిన్ సి ఒక్కటే పెద్ద మోతాదులో తీసుకున్నవారిలో 44.5 శాతం మంది 28 రోజులకల్లా చనిపోయారు లేదా అవయవాలు కోలుకోని స్థితిలోనే ఉండిపోయారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో అలాంటివారు 38.5 శాతమే.

కారణం ఇంకా తేలలేదు. విటమిన్ తగ్గడం జబ్బు తీవ్రతకు గుర్తే తప్ప మరణానికి కారణం కాకపోవచ్చు. పైగా పెద్ద మోతాదులో, ఇనుము సమక్షంలో విటమిన్ సి ఆక్సీకరణను పెంచగలదు కూడా. ఆక్సలేట్‌గా మారి కిడ్నీలలో పేరుకునే ముప్పూ ఉంది. ఇంకో చిక్కు: వేలికి సూది గుచ్చి చూసే కొన్ని గ్లూకోమీటర్లు రక్తంలోని విటమిన్ సిని షుగర్‌గా లెక్కగట్టి లేని షుగర్‌ను చూపిస్తాయి. దాన్ని నమ్మి ఇన్సులిన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది.

విటమిన్ డి కథా ఇంతే. లోపం ఉన్న ఐసీయూ రోగులకు ఒకేసారి భారీ మోతాదు ఇచ్చి చూసినా మరణాలు తగ్గలేదని 2019లో తేలింది.

సెప్సిస్‌లో ప్రాణం నిలిపేవి ఇప్పటికీ పాత పనులే: వెంటనే యాంటీబయాటిక్స్, సెలైన్, పడిపోయే బీపీని నిలబెట్టే మందులు, చీము ఉంటే తీసేయడం. జ్వరంతో ఉన్న మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, ఆయాసపడినా, మూత్రం బాగా తగ్గినా విటమిన్ డ్రిప్ పెట్టించే చోటుకి కాదు, ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.