సాగుభూమి ఇంటి స్థలంగా మారే వేళ – మారిన చట్టాలు, మారని బాధ్యతలు

చోడవరం నుండి మాడుగుల వెళ్ళే మార్గంలో ఉన్న వడ్డాది, బుచ్చెయ్యపేట మండలంలోని ప్రధాన గ్రామాలలో ఒకటి. మత్స్య వంశ పాలకుల కేంద్రంగా చరిత్రకెక్కిన ఈ గ్రామం 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో విశాఖపట్నం జిల్లా నుండి అనకాపల్లి జిల్లా పరిధిలోకి వచ్చింది. చెరకు, వరి పండే ఇటువంటి ప్రాంతాలలో రహదారి వెంబడి పొలాలు ఇళ్ళ స్థలాలుగా మారుతున్నప్పుడు చిన్న రైతులు, ఉద్యోగులు తమ జీవితకాలపు పొదుపును ఒక్క దస్తావేజుపై వెచ్చిస్తున్నారు. ఈ లావాదేవీలకు సంబంధించిన చట్టాలలో ఇటీవల వచ్చిన మార్పులను భూ యజమానులు, లే అవుట్ నిర్వాహకులు అవగాహన చేసుకోవలసి ఉన్నది.

దస్తావేజు – యాజమాన్య హక్కు

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం పత్రాన్ని నమోదు చేస్తుందే తప్ప, అమ్మిన వ్యక్తికి హక్కు ఉన్నదని హామీ ఇవ్వదు. ఈ లోపాన్ని సవరించే ఉద్దేశంతో రూపొందిన ఆంధ్రప్రదేశ్ భూమి హక్కుల చట్టం 2023 అక్టోబర్ 31న అమలులోకి వచ్చింది. హక్కుల వివాదాలలో సివిల్ కోర్టుల పాత్ర తగ్గిపోతుందన్న ఆందోళనతో న్యాయవాదులు నిరసనలు చేపట్టారు. 2024 జూలైలో శాసనసభ ఆ చట్టం రద్దు బిల్లును ఆమోదించింది. ఫలితంగా పాత విధానమే కొనసాగుతున్నది. హక్కును నిర్ధారించుకొనే భారం కొనుగోలుదారునిపైనే ఉన్నది.

పూర్వపు విశాఖపట్నం జిల్లాలో అనేక గ్రామాలు జమీందారీ ఎస్టేట్లుగా ఉండి, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో రైత్వారీ విధానంలోకి వచ్చాయి. కనుక అటువంటి గ్రామాలలో నేటి అడంగల్, 1బి నకళ్ళతో పాటు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌ను కూడా పరిశీలించడం అవసరం.

నాలా చట్టం రద్దు

సాగుభూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చుకొనుటకు 2006 నాటి చట్టం మేరకు రుసుము చెల్లించి రెవెన్యూ శాఖ అనుమతి పొందవలసి ఉండేది. వాడుకలో 'నాలా'గా పేరొందిన ఈ చట్టాన్ని ప్రభుత్వం 2025లో రద్దు చేసింది. దాని స్థానంలో లే అవుట్ లేదా భవన అనుమతి సమయంలోనే బాహ్య అభివృద్ధి రుసుము వసూలు చేసే విధానం వచ్చింది. దీనితో ఒక కార్యాలయం చుట్టూ తిరిగే శ్రమ తగ్గింది. అయితే మార్పిడి అనుమతి అవసరం లేనంత మాత్రాన లే అవుట్ అనుమతి అవసరం లేదని భావించరాదు. రోడ్లకు, ఖాళీ స్థలాలకు, మురుగు కాలువలకు చోటు చూపని అనధికార లే అవుట్‌లో భవన అనుమతి దశలో ఇబ్బందులు తప్పవు.

నిషేధిత జాబితా

2007 నుండి అమలులో ఉన్న రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ మేరకు ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు తదితరాల జాబితాలో ఉన్న సర్వే నంబర్ల దస్తావేజులను సబ్ రిజిస్ట్రార్లు నమోదు చేయరు. 1977 చట్టం అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించింది. 20 సంవత్సరాలు పూర్తయిన భూములకు 2023లో సడలింపు ఇచ్చినప్పటికీ, 2024లో ప్రభుత్వం అటువంటి భూముల రిజిస్ట్రేషన్లను నిలిపివేసి పరిశీలన చేపట్టింది. ఈ భూములను నోటరీ కాగితాలపై కొన్నవారికి చట్టరీత్యా హక్కు సంక్రమించదు.

రెరా నిబంధనలు

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం నగరాలలోని అపార్ట్‌మెంట్లకే పరిమితమన్న అపోహ ఉన్నది. 500 చదరపు మీటర్లకు, అనగా సుమారు 12 సెంట్లకు మించిన స్థలాన్ని ప్లాట్లుగా విభజించి అమ్మే ప్రణాళికా ప్రాంతాలలోని లే అవుట్లకు కూడా ఇది వర్తిస్తుంది. రాష్ట్ర నియమావళి 2017లో వెలువడింది. ముఖ్యాంశాలు:

• నమోదుకు ముందు ప్రకటనలు ఇవ్వరాదు, అడ్వాన్సు తీసుకోరాదు. ఉల్లంఘిస్తే ప్రాజెక్టు వ్యయంలో 10 శాతం వరకు జరిమానా.
• రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి స్వీకరించరాదు.
• వసూలైన సొమ్ములో 70 శాతం ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు భూమి, నిర్మాణ వ్యయాలకే వినియోగించాలి.
• భూమి హక్కులో లోపం వలన కొనుగోలుదారుడు నష్టపోతే నిర్వాహకుడు పరిహారం చెల్లించాలి. ఈ క్లెయిముకు కాలపరిమితి అడ్డురాదు.

ఈ చివరి నిబంధన విశేష ప్రాధాన్యత కలది. హక్కుకు ప్రభుత్వ హామీ లేని వ్యవస్థలో కొనుగోలుదారునికి ఇది బలమైన రక్షణ. నమోదు కాని లే అవుట్‌లో కొన్నవారు నిర్వాహకుని ఆచూకీ కోసం, పరిహారం కోసం వెతుక్కోవలసిన పరిస్థితి ఏర్పడవచ్చు.

కావున అడ్వాన్సు చెల్లించుటకు ముందే ఈసీ, రెవెన్యూ నకళ్ళు, 22ఎ జాబితా, లే అవుట్ అనుమతి, రెరా నమోదు సంఖ్య – ఈ ఐదింటినీ సరిచూసుకొనుట శ్రేయస్కరం. చట్టాలు రద్దయినా, కొత్తవి వచ్చినా ఈ పరిశీలన ఆవశ్యకత మారలేదు.