లైబ్రేరియన్ ఉద్యోగానికి సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు

డిగ్రీ అయిపోయిన అమ్మాయి లైబ్రరీ సైన్స్ చదువుతానంటే ఇంట్లో వచ్చే మొదటి మాట, "పుస్తకాల దుమ్ము దులపడానికి కూడా కోర్సు కావాలా?" అని. కావాలి. లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ అక్సెషన్ రిజిస్టర్‌లో ఎక్కించాలి, విషయాన్ని బట్టి నంబరు వేయాలి. డ్యూయీ పద్ధతిలో ఇస్లాం గ్రంథాలకు 297, ఉర్దూ సాహిత్యానికి 891.439, తెలుగు సాహిత్యానికి 894.827. నంబరు తప్పు పడితే పుస్తకం బీరువాలో ఉండి కూడా లేనట్టే.

ఏ డిగ్రీ చదివినా ఏడాది బి.ఎల్.ఐ.ఎస్సీ., ఆ తర్వాత మరో ఏడాది ఎం.ఎల్.ఐ.ఎస్సీ. చేయవచ్చు. ఉస్మానియాలో రెగ్యులర్‌గా, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో దూరవిద్యగా ఉన్నాయి. పాఠశాలలకు సాధారణంగా డిగ్రీతో పాటు బి.ఎల్.ఐ.ఎస్సీ. అడుగుతారు. తెలంగాణలో 2023లో వచ్చిన గురుకుల నోటిఫికేషన్లలో లైబ్రేరియన్ పోస్టులు కూడా ఉన్నాయి. డిగ్రీ కాలేజీ స్థాయికి పీజీలో 55 శాతం, దాంతో పాటు నెట్ లేదా సెట్ కావాలి. నెట్‌లో రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ ప్రశ్ననూ వదలొద్దు. ఒక్క జాగ్రత్త: రాష్ట్రంలో బీసీ-ఇ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన నెట్‌లో ఓబీసీ రిజర్వేషన్ రాదు. కేంద్ర జాబితాలో తమ వర్గం ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. అసలు చిక్కు కోర్సు అయ్యాక మొదలవుతుంది. దూరవిద్యలో పాసైనవాళ్లలో కొందరు కోహా సాఫ్ట్‌వేర్‌ను పుస్తకంలో చదవడమే గానీ చేత్తో ముట్టి ఉండరు. కోహా ఉచితం. ఇంటి కంప్యూటర్‌లో వేసుకుని నేర్చుకోవచ్చు, కాస్త తంటాలు పడాలి అంతే.

ఇక పరిచయాల సంగతి. జాన్‌పెహచాన్ అనగానే మనవాళ్లకు సిఫారిష్ గుర్తొస్తుంది. రెండూ ఒకటి కాదు. సిఫారిష్ అంటే పని రాకపోయినా ఉద్యోగం ఇప్పించమని అడగడం. పరిచయం అంటే మన పని నలుగురి కంట పడటం. చదివిన కాలేజీలో ఏడాది చివర స్టాక్ వెరిఫికేషన్ జరిగేటప్పుడు "మేడమ్, నేనూ వస్తాను" అని అడిగిన విద్యార్థిని ఆ లైబ్రేరియన్ మరిచిపోరు. ఎక్కడైనా తాత్కాలిక ఖాళీ ఉందని తెలిస్తే ముందు ఆ పేరే గుర్తొస్తుంది.

మన పిల్లలకు ఇంకో బలం ఉంది, దాన్ని బయోడేటాలో ఒక్క లైనుతో సరిపెడుతున్నారు. అది ఉర్దూ చదవడం. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. అక్కడా, సాలార్‌జంగ్ మ్యూజియం లైబ్రరీలోనూ, పంజాగుట్టలోని ఇదారె అదబియాతె ఉర్దూలోనూ ఉర్దూ, ఫారసీ పుస్తకాల నిధే ఉంది. ఉర్దూ, తెలుగు, ఇంగ్లిషు మూడూ చదివి కేటలాగ్ చేయగలిగితే ఇలాంటి చోట్ల అది పెద్ద అర్హత.

అనుభవం లేదని దిగులు పడేవాళ్లు ముందు తమ మొహల్లాలోనే చూడాలి. మసీదు, మదర్సా, సంఘం ఆఫీసు, ఎక్కడో ఒకచోట జాబితా లేని పుస్తకాల బీరువా ఉంటుంది. కమిటీ పెద్దలను అడిగి ఓ రెండు వందల పుస్తకాలకు నంబర్లు వేసి కేటలాగ్ తయారుచేస్తే, ఇంటర్వ్యూలో "ఏం చేశారు?" అని అడిగినప్పుడు బల్ల మీద పెట్టడానికి అదే ఉంటుంది.