డీడ్ బీరువాలో దాచుకుంటే సరిపోదు: అమెరికాలో కౌంటీ రికార్డింగ్ కథ

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల కోసం ఈ ఎపిసోడ్. ఎగ్జాంపుల్‌కి టెక్సస్‌నే తీసుకుంటున్నాను. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఇళ్లు కొంటున్నారో మీకు నేను చెప్పాలా!

ముందుగా ఒక సీన్ ఊహించుకోండి. బావకి ఊరి బయట ఒక ఖాళీ లాట్ ఉంది. బామ్మర్ది డబ్బులిచ్చాడు, బావ డీడ్ మీద సంతకం పెట్టాడు, నోటరీ కూడా చేయించారు. బామ్మర్ది ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి బీరువాలో దాచుకున్నాడు. పని అయిపోయిందనుకున్నాడు. రెండేళ్లకి బావ బిజినెస్ దెబ్బతింది. అప్పిచ్చినవాళ్లు కోర్టులో గెలిచి, ఆ తీర్పు కాగితాన్ని కౌంటీలో రికార్డ్ చేయించారు. కౌంటీ పుస్తకంలో చూస్తే లాట్ ఇంకా బావ పేరు మీదే ఉంది. ఇప్పుడు లాట్ ఎవరిది?

ఇక్కడే మన ఊరి అలవాటు మనల్ని దెబ్బ కొడుతుంది. ఇండియాలో స్థలం కొంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాల్సిందే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సేల్ డీడ్ రిజిస్టర్ కాకపోతే హక్కే మారదు. అమెరికాలో అలా కాదండీ. సంతకం పెట్టి డీడ్ చేతికిచ్చారంటే, ఆ ఇద్దరి మధ్య అమ్మకం అయిపోయినట్టే. మరి రికార్డింగ్ ఎందుకు? లోకానికి చెప్పడానికి. మన ఊళ్లో దండోరా వేయించడం లాంటిదన్నమాట. దండోరా వేయించకపోతే, తెలియక డబ్బిచ్చి కొన్నవాళ్ల మీద, తెలియక అప్పు వసూలుకి వచ్చినవాళ్ల మీద మీ డీడ్ చెల్లదని టెక్సస్ ప్రాపర్టీ కోడ్ చెప్తోంది. అంటే మన బామ్మర్ది పూర్తి డబ్బు కట్టి కూడా లాయర్ చుట్టూ తిరగాల్సి రావచ్చు.

పోనీ ఖర్చు ఎక్కువా అంటే అదీ లేదు. టెక్సస్‌లో చాలా కౌంటీల్లో మొదటి పేజీకి దాదాపు 25 డాలర్లు, తర్వాత ప్రతి పేజీకి 4 డాలర్లు. ఒక పూట బిర్యానీ ఖర్చు!

బ్యాంక్ లోన్‌తో ఇల్లు కొంటే ఈ పని టైటిల్ కంపెనీ చూసుకుంటుంది. క్లోజింగ్ అయ్యాక డీడ్‌నీ, లోన్ తాలూకు డీడ్ ఆఫ్ ట్రస్ట్‌నీ వాళ్లే రికార్డ్ చేయిస్తారు, ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. తేడా వచ్చేది ఇంట్లోవాళ్ల మధ్య మనమే కాగితాలు రాసుకున్నప్పుడు. నెట్‌లో ఫామ్ డౌన్‌లోడ్ చేసి, భార్య పేరో తమ్ముడి పేరో చేర్చి, నోటరీ దగ్గర ఆగిపోతాం. నోటరీ చూసేది సంతకం పెట్టింది మీరేనా అని మాత్రమే. రికార్డింగ్ వేరే పని, వేరే ఆఫీసు. టెక్సస్‌లో ఆ ఆఫీసు కౌంటీ క్లర్క్‌ది, కాలిఫోర్నియాలో అయితే రికార్డర్ అంటారు. ఇంకో మాట, మీరు ఉండే కౌంటీ కాదు, ఆస్తి ఉన్న కౌంటీలోనే చేయించాలి. ఫ్రిస్కోనే చూడండి, ఒకే ఊరు, కానీ కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. మీ ఇల్లు ఎటువైపో తెలుసా?

ఇప్పుడు మన పేర్ల గోల. కౌంటీ రికార్డులు వెతికేది ఇచ్చినవాళ్లు, పుచ్చుకున్నవాళ్ల పేర్లతో. మనకేమో పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఉండదు, లేదా రెండు పేర్లు కలిసిపోయి ఉంటాయి, వీసాలో ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. కొన్న డీడ్‌లో ఒకలా, అమ్మే డీడ్‌లో ఇంకోలా పడితే వెతికేవాడికి లింక్ దొరకదు. స్పెల్లింగ్ తప్పు పడితే కరెక్షన్ కాగితం రికార్డ్ చేయించే దారి ఉంది. అమ్మకం రోజు దాకా ఆగకుండా ముందే చేయించుకోండి.

సరే, రికార్డ్ అయింది కదా, అందులో ఉన్నదంతా నిజమేనా? కాదు! క్లర్క్ చూసేది కాగితం ఫార్మాట్, నోటరీ ముద్ర, ఫీజు. రాసింది నిజమా కాదా అని ఆరా తీయరు. 2024లో ఎల్విస్ ప్రెస్లీ ఇల్లు గ్రేస్‌లాండ్‌నే వేలానికి పెట్టబోయారు. ఆయన కూతురు లీసా మేరీ ఆ ఇంటిని తాకట్టు పెట్టి 3.8 మిలియన్ డాలర్లు అప్పు తీసుకుందని దొంగ కాగితాలు సృష్టించారు. అప్పటికే ఆమె చనిపోయింది. మనవరాలు కోర్టుకెళ్తే, వేలానికి ఒక్క రోజు ముందు జడ్జి ఆపారు. దొంగ డీడ్‌తో హక్కు మారదు, నిజమే. కానీ రికార్డులోంచి ఆ మచ్చ పోవాలంటే కోర్టుకి తిరగాల్సింది మీరే.

అందుకే చాలా కౌంటీల్లో ఫ్రీ అలర్ట్ ఉంటుంది. మీ పేరు ఇస్తే, ఆ పేరు మీద ఏ డాక్యుమెంట్ రికార్డ్ అయినా ఈమెయిల్ వస్తుంది. ఫోన్‌లో ఐదు నిమిషాల పని.

ఇల్లు కొన్న కొన్నాళ్లకి ప్రభుత్వ లెటర్ లాగే ఉండే ఒక ఉత్తరం కూడా రావచ్చు. మీ డీడ్ కాపీ కావాలంటే తొంభయ్యో వందో డాలర్లు పంపండి అని. చెత్తబుట్టలో వేసేయండి. టెక్సస్ క్లర్క్ దగ్గర సర్టిఫైడ్ కాపీ పేజీకి ఒక డాలర్, పైన 5 డాలర్లు. ఆ లెటర్‌కి భయపడి డబ్బు పంపేవాళ్లు ఉన్నారంటే నాకు ఒళ్లు మండుతుంది.

చివరిగా, లోన్ తీర్చేసినవాళ్లు, రీఫైనాన్స్ చేసినవాళ్లు కౌంటీ క్లర్క్ సైట్‌లో మీ పేరు కొట్టి చూడండి. పాత లోన్‌కి రిలీజ్ ఆఫ్ లీన్ రికార్డ్ అయి ఉండాలి. లేకపోతే కౌంటీ పుస్తకంలో మీరు ఇంకా బాకీ ఉన్నట్టే కనిపిస్తారు. వెంటనే లెండర్‌కి మెయిల్ పెట్టి, రికార్డింగ్ నంబర్ వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.